తెల్లరాయి మీద మూడు పొద్దులు

"ఊదా! ఓ ఊదా! ఎక్కడున్నావే? పొద్దు పొడుస్తోంది, రాయి దగ్గరికి రా!"

కొర్ర పెద్దమ్మ కేక అది. అనగనగా అని నేను నోరు తెరిచేలోపే ఆవిడ అరిచేసింది పిల్లలూ, ఏం చేయను? సరే, ఆ కేక వెంటే కథలోకి వెళ్దాం.

అదొక అడవి. ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టు వేళ్ళ కింద చిట్టెలుకల ఊరు. నలభై మందికి పైనే ఉండేవాళ్ళు. వాళ్ళకి గింజలంటే ఎంత ప్రేమంటే, పేర్లు కూడా గింజల పేర్లే పెట్టుకునేవాళ్ళు. కొర్ర, సామ, ఊద, వరిగ, జొన్న. పిలుస్తుంటేనే ఆకలేస్తుంది.

మనం నిద్ర లేచే వేళ వాళ్ళు పడుకునే వేళ. రాత్రంతా తిండి వెతుక్కుని, తూర్పు తెల్లబడేసరికి ఇల్లు చేరతారు. కానీ నేరుగా లోపలికి పోవడానికి లేదు. గుమ్మం ముందు ఒక తెల్లని పలుగురాయి ఉంది. ప్రతివాళ్ళూ ఆ రాయి మీద ఒక పెంటిక పెట్టి పక్కకి తప్పుకోవాలి.

నవ్వకండి. నవ్వే సంగతి కాదిది.

కొర్ర పెద్దమ్మ వంగి, ముక్కు ఆనించి, ఆ పెంటికని చూస్తుంది. పొడిగా, నల్లగా ఉంటే "రాయి తెల్లన, లోపలికి పో" అంటుంది. అందులో సన్నని తెల్లదారం లాంటిది కదిలిందా, అది నులిపురుగు. అప్పుడు పెద్దమ్మ "చివరి కలుగు" అంటుంది.

చివరి కలుగు వాగు వైపు ఉండేది, అందరికీ దూరంగా. చందమామ తరిగి, మాయమై, మళ్ళీ నిండేదాకా అక్కడే ఉండాలి. రోజూ చేదు మోదుగ గింజ నమలాలి. మిగతావాళ్ళు తిండి తెచ్చి గుమ్మంలో పెడతారు. నెల తిరిగాక రాయి తెల్లనైతే మళ్ళీ ఇంట్లోకి రావచ్చు.

"ఎందుకు పెద్దమ్మా ఇంత కట్టుబాటు?" అని పిల్లలు విసుక్కునేవాళ్ళు.

"మనం అందరం ఒకే ముద్దగా పడుకుంటాం కాబట్టి," అనేది పెద్దమ్మ. "పురుగు కంటికి కనబడుతుందిరా. దాని గుడ్డు కనబడదు. అది మట్టిలో ఉంటుంది. మట్టి కాలికి అంటుతుంది. ఆ కాలినే మనం నాక్కుంటాం. పక్కవాడి వీపూ నాకుతాం. ఒక్క కడుపులో దూరితే ఊరంతా దూరినట్టే."

ఆ రోజు పొద్దున ఊద ఎక్కడుందో తెలుసా? వేరు వెనక దాక్కుని ఉంది. నాలుగు రోజులుగా కడుపులో ఏదో తిప్పుతున్నట్టుంది. అందుకని రాయి దగ్గరికి వెళ్ళేముందే ఒక ఎండుటాకు మీద తన పెంటిక తనే చూసుకుంది.

రెండు తెల్లదారాలు. కదులుతున్నాయి.



అయ్యో, ఆ రోజేనా! ఇప్పపూలు రాలడం మొదలైన రెండో రోజది. అడవి అడవంతా తియ్యటి వాసన. తెల్లవారు గాలి వీస్తే చాలు, చెట్టు మీంచి పూలు ముత్యాల్లా టపటపమని పడుతున్నాయి. ఆ ఊళ్ళో జోడీ కట్టాలనుకున్నవాళ్ళు ఇప్పపూల రోజుల్లోనే కట్టాలి. మూడు పొద్దులు వరసగా ఇద్దరి రాయీ తెల్లనైతే, పెద్దమ్మ వాళ్ళకి పూలు పరిచిన అర చూపిస్తుంది.

ఊద కోసం వరిగ ఎదురు చూస్తున్నాడు. చామనచాయ ఒళ్ళు, పొడుగు మీసాలు, నవ్వితే చెవులు కూడా నవ్వేవి. నిన్ననే ఒక ఇప్పపువ్వు నోట కరుచుకుని వచ్చాడు. దాని మీద పంటి గాటు కూడా లేదు.

"దారంతా నోరూరుతూనే ఉంది," అన్నాడు. "అయినా నమల్లేదు. నీ మీద నాకెంత ఇష్టమో దీంతోనే తెలుసుకో."

ఊద ఆ పువ్వుని తినకుండా తల కింద పెట్టుకుని పడుకుంది. కలలో కూడా అదే వాసన.

ఇప్పుడు చివరి కలుగుకి వెళితే? నెల తిరిగేసరికి పూలుండవు. వరిగ ఆగుతాడా? ఇంకెవరితోనో జోడీ కట్టేస్తాడు. నులిపురుగుల ఊద అని అందరూ చెప్పుకుంటారు. ఇవేవీ ఎవరూ తనతో అనలేదు పిల్లలూ. తనకి తనే చెప్పుకుంది. తనకి తను చెప్పుకున్న మాటల్నే తను నమ్మింది.

అప్పుడే చెల్లెలు సామ గెంతుకుంటూ వచ్చింది.

"అక్కా, పెద్దమ్మ గొంతు చిరిగిపోయేలా ఉంది. ఏం చేస్తున్నావిక్కడ?"

ఊద ఆకుని కాలి కింద తొక్కిపెట్టింది.

"సామా, నాకొకటి ఇస్తావా?"

"ఏంటి?"

"నీ పెంటిక."

సామ కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కలు చెల్లెళ్ళని గింజ అడుగుతారు, పువ్వు అడుగుతారు. నువ్వేంటే ఇది అడుగుతావు!"

"నవ్వకే. నాకు పొట్ట బిగుసుకుపోయింది. ఎంతసేపు కూర్చున్నా రావట్లేదు. రాయి ఖాళీగా ఉంటే పెద్దమ్మ ఊరుకోదు కదా. ఇవాళ మొదటి పొద్దు."

"అంతేనా? తీసుకో. నాకేం కరువా?"

ఊద చెల్లెలి పెంటికని తెల్లరాయి మీద పెట్టింది. పెద్దమ్మ వంగింది. 

"రాయి తెల్లన. లోపలికి పో తల్లీ."

మరి ఊద తన పెంటికని ఏం చేసింది? వాగు దాకా వెళ్ళి పారేసే తీరిక లేదు. గుమ్మం పక్కనే, అందరూ నడిచే దారిలో, గబగబా మట్టి గీకి కప్పేసింది.

రెండో పొద్దున సామ బేరం పెట్టింది. "ఇవాళ ఊరికే రాదు. ఒక పువ్వు ఇవ్వాలి."

"రెండిస్తా. తొందరగా కానివ్వు."

"పెళ్ళి నీది. చాకిరీ నా కడుపుది!"

పెద్దమ్మ చూసింది. "రాయి తెల్లన."

మూడో పొద్దున సామ నవ్వలేదు. అక్కనే చూస్తూ నిలబడింది.

"అక్కా, నీ పొట్ట ఎందుకలా ఉబ్బింది?"

"పూలు ఎక్కువ తిన్నానే."

"కడుపు నొప్పి తగ్గిందా అక్కా?"

"తగ్గిందిలే."

సామ ఇవ్వాల్సింది ఇచ్చి, తల వంచుకుని వెళ్ళిపోయింది. రాయి మూడోసారీ తెల్లనే. ఊరంతా కిచకిచమని సంబరం చేసుకుంది. పెద్దమ్మ ఊద తల నిమిరి పూలు పరిచిన అర చూపించింది. వరిగ చెవులు నవ్వాయి. జొన్న మామ అనే పొట్టి ముసలాయన పూలు ఎక్కువ తిని, తూలుతూ ఆడి, గాదెలో పడ్డాడు.

పూలు వాడేదాకా ఆ అర వాళ్ళిద్దరిది. ఆ తర్వాత కట్టుబాటు ప్రకారం మళ్ళీ అందరితో కలిసి ముద్దగా పడుకున్నారు. ఊద పక్కన సామ, సామ పక్కన జొన్న మామ, ఆయన పక్కన పిల్లలు. ఒకరి వీపు ఒకరు నాక్కుంటూ, వెచ్చగా, ఒక్క ప్రాణంలా. ఊద రోజూ ఎవరిదో ఒకరి పొడి పెంటిక ఏరి తెచ్చి రాయి మీద మాయ చేస్తూనే ఉంది. రేపు చెబుదాంలే అనుకునేది. ఆ రేపు మాత్రం రాలేదు.

వానలొచ్చాయి.

ఊదకి ఐదుగురు పిల్లలు పుట్టారు. పుట్టినప్పుడు బాగానే ఉన్నారు. కళ్ళు తెరిచాక చూస్తే పొట్టలు పెద్దవి, కాళ్ళు పుల్లలు. ఒంటి మీద మెరుపు లేదు. పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయేవాళ్ళు. చివరిదైతే ఒక సాయంత్రం నిద్ర లేవలేదు.

ఆ వారమే జొన్న మామ రాయి మీద తెల్లదారం కనబడింది. మర్నాడు ముగ్గురివి. ఆ మర్నాడు ఏడుగురివి. పెద్దమ్మ రాయి ముందు నుంచి లేచింది.

"ఇంతమందికి ఒక్కసారే ఎలా వచ్చింది? ఎవరో ఒకరు దీన్ని లోపలికి తెచ్చారు."

ఆ రోజు సామ వంతు వచ్చింది. పెంటిక కన్నా దారాలే ఎక్కువ ఉన్నాయి. అందరికన్నా దగ్గరగా ఊద పక్కన పడుకునేది తనే కదా.

"ఇదే తెచ్చింది!" అని అరిచాడు జొన్న మామ. "ఇప్పపూల రోజుల్లో నేను చూశా. పొద్దుపొద్దున్నే వేరు వెనక ఏదో గుట్టుగా చేస్తుండేది. అప్పుడే దీనికి రోగం. దాచిపెట్టి మన కొంప ముంచింది!"

"నిజమా సామా?" అంది పెద్దమ్మ. "వేరు వెనక ఏం చేస్తున్నావు?"

సామ ఊద వైపు చూసింది.

ఒక్క క్షణమే పిల్లలూ. ఆ ఒక్క క్షణంలో ఊద నోరు తెరిస్తే చాలు. కానీ పక్కనే వరిగ ఉన్నాడు. ఒళ్ళో జబ్బు పిల్లలున్నారు. చుట్టూ కోపంగా ఉన్న మొహాలు. ఊద నేల వైపు చూసింది.

"ఆడుకుంటున్నా పెద్దమ్మా," అంది సామ.

"ఆడుకుంటున్నావా! చూశారా దీని పొగరు!" అన్నాడు జొన్న మామ.

"చివరి కలుగు," అంది పెద్దమ్మ. ఆ మాట అనడానికి ఆవిడకి చాలా కష్టమైంది.

జబ్బు పడ్డవాళ్ళందరికీ అందులో చోటు చాల్లేదు. మిగతావాళ్ళు వేళ్ళ సందుల్లో సర్దుకున్నారు. దోషమంతా సామదే అన్నారు కాబట్టి దానితో ఎవరూ ఉండమన్నారు, సామ ఒక్కతే చివరి కలుగుకి వెళ్ళింది. ఎండాకాలంలో అయితే అది మంచి చోటే. పొడిగా, చల్లగా ఉంటుంది. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లుతాయి. మోదుగ గింజలు బూజు పడతాయి.

ఆ పొద్దున పడుకోబోతూ వరిగ ఒక మాట అన్నాడు.

"సామని చూస్తే జాలేస్తోంది. చెబితే ఏమయ్యేది? నేనూ పోయినేడు చివరి కలుగులో ఉన్నా తెలుసా?"

ఊద ఉలిక్కిపడింది. "నువ్వా?"

"నేనే. ఒక్క నెల. చేదు గింజ తిని, వాన పాటలు పాడుకుంటూ గడిపేశా. మళ్ళీ వచ్చా. ఎవరూ ఏమీ అనలేదు. నీకే గుర్తు లేదంటే చూడు, ఎంత చిన్న సంగతో! ఎదురు చూసేవాళ్ళుంటే నెల ఎంతసేపు?"

ఊద నిద్రపోలేదు. చిన్న సంగతి. ఒక్క నెల. ఎదురు చూసేవాడే. ఆ మాటలు తన కడుపులోని పురుగుల్లాగే లోపల తిరిగాయి.

మర్నాడు ఊద తిండి పట్టుకుని చివరి కలుగుకి వెళ్ళింది. చెప్పేయాలనే వెళ్ళింది. గుమ్మంలో గింజలు పెట్టి, "సామా," అని పిలిచింది.

చీకట్లోంచి గొంతు వచ్చింది. "వచ్చావా అక్కా? కడుపు నొప్పి తగ్గిందా?"

ఊద గింజలు లోపలికి తోసి తిరిగొచ్చేసింది.

మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళింది. ముందు పెట్టిన గింజలు అలాగే ఉన్నాయి. నాని, మొలకెత్తాయి.

"తినలేదేంటే?"

"ఆకలి లేదక్కా." గొంతు ఆకు రాలినంత మెల్లగా ఉంది. "నీ కడుపు నొప్పి తగ్గిందా?"

"సామా, నేను... నేను..."

పైన ఉరిమింది. ఉరుముకి భయపడ్డానని ఊద తనకి తను చెప్పుకుంది. పరుగెత్తుకొచ్చేసింది.

ఆ రాత్రి వాగు పొంగింది. రెండు రోజులు నీళ్ళు తియ్యలేదు. మూడో రోజు తెల్లవారుతుండగా చూసేసరికి చివరి కలుగు నోరు లేదు. అక్కడ ఎర్రని ఒండ్రుమట్టి నున్నగా పరుచుకుని ఉంది. దాని మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు.

"సామా! ఓ సామా! పొద్దు పొడిచిందే, బయటికి రా!"

ఊద తవ్వింది. గోళ్ళు ఊడేదాకా తవ్వింది. ఎంత తవ్వితే అంత నీరు ఊరింది. వరిగ వచ్చి ఆమెని వెనక్కి లాక్కొచ్చాడు.

"ఏడవకు," అన్నాడు. "తప్పు చేసినా మన చెల్లెలే కదా. నాకూ బాధగానే ఉంది."

తప్పు చేసినా. ఆ మాట విని కూడా ఊద ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఊరు ఊరులా లేదు. కడుపులో పురుగులున్నవాడికి తిన్నది ఒంటికి పట్టదు. ఒంట్లో బలం లేనివాడు పరుగెత్తలేడు. గుడ్లగూబకి అంతకన్నా ఏం కావాలి? జొన్న మామ వాగు నుంచి గుమ్మానికి వచ్చేలోపు ఆయన్ని ఎత్తుకుపోయింది. పాము వేళ్ళ సందుల్లో పడుకున్నవాళ్ళని పండ్లు ఏరుకున్నట్టు ఏరుకుంది. ఊద పిల్లల్లో ఇంకో ఇద్దరు పోయారు. నలభై మంది పదకొండు మంది అయ్యారు. ముద్దగా పడుకుంటే ఒకప్పుడు అర నిండేది. ఇప్పుడు నాలుగు మూలలా చలి.

ఒక పొద్దున కొర్ర పెద్దమ్మ ఎవరినీ పిలవలేదు. రాయి ముందు ఊరికే కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఊదా వచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అలా ఉంది.

"ఇవాల్టి నుంచి రాయి చూడను," అంది పెద్దమ్మ. "మా అమ్మ చూసింది. వాళ్ళ అమ్మ చూసింది. వాళ్ళ చేతుల్లో ఎవరూ ఇలా పోలేదు. నా చేతుల్లోనే పోయారు. రాయి అబద్ధం చెప్పదు. నా కళ్ళే చెప్పి ఉంటాయి. ఆ ఇప్పపూల రోజుల్లో సామ పెంటిక నేను రోజూ చూశా. ఒక్క పురుగు కూడా కనబడలేదు నాకు. అంత గుడ్డిదాన్నయిపోయా. నేను సరిగ్గా చూసుంటే అది అప్పుడే, ఆ ఎండల్లోనే, ఒక నెల ఉండి తిరిగొచ్చేది. మీ పిల్లలు బతికేవాళ్ళు."

"అలా అనకు పెద్దమ్మా," అన్నాడు వరిగ.

"అనక ఏం చెయ్యనురా? చూపు లేనిది కాపలా ఉండకూడదు. నేను పోతున్నా. నా కోసం రావద్దు."

పెద్దమ్మ లేచింది. గుమ్మం దాటి, నీడ దాటి, ఎండ పడుతున్న బయలు వైపు నడిచింది. ఆ బయలు పైన డేగ తిరుగుతోంది. అందరికీ కనిపిస్తోంది. పెద్దమ్మకీ కనిపిస్తోంది. ఆవిడ కళ్ళకి ఏమీ కాలేదు. ఆ సంగతి ఒక్క ఊదకే తెలుసు.

ఒక అడుగు. రెండు అడుగులు. మూడు.

ఊద తెల్లరాయి ఎక్కింది. ఇప్పపూల రోజుల తర్వాత ఆ రాయి దగ్గరికి తను నిజంతో రావడం అదే మొదలు. రాయి చల్లగా ఉంది.  

"పెద్దమ్మా, ఆగు! నీ కళ్ళకి ఏం కాలేదు. నువ్వు సరిగ్గానే చూశావు. సామకి అప్పుడు జబ్బు లేదు. నాకుంది. ఆ మూడు పొద్దులూ ఈ రాయి మీద నేను పెట్టింది నాది కాదు, సామది. నాది ఇదిగో, ఈ గుమ్మంలోనే కప్పెట్టాను, మీరందరూ నడిచే చోట. సామ వేరు వెనక నా కోసమే నిలబడింది. మీరంతా తిడుతుంటే నన్నే చూసింది. నేను నేల చూశాను. వరిగా, విను, నా చెల్లెలు ఏ తప్పూ చేయలేదు. మన పిల్లల్ని, నా సామని, అందరినీ చంపింది నేనే."

నీతి: చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచిన రోగం మన ఒక్కరితో ఆగదు, నిజం చెప్పాల్సిన పూటే చెప్పాలి, ఆలస్యంగా చెప్పిన నిజం పోయినవాళ్ళ చెవిన పడదు.